రాజు తప్పు దూకిన రోజు

పక్కగదిలో మనవరాలు చదరంగం ఆడుకుంటూ రాజు ముందరి బంటును టక్కున రెండు గళ్ళు జరిపింది. చెక్క మీద చెక్క పడే ఆ చప్పుడు వింటే ఇప్పటికీ నా వీపు నిటారవుతుంది. విఠల్‌రావుగారు వచ్చి ఎదుట కూర్చున్నట్టే ఉంటుంది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ కొత్తలో, ఆదిలాబాద్‌లోని ఒక జిన్నింగు మిల్లులో ఆయన పెద్ద గుమాస్తా. నేను పత్తి తూచే కాంటా దగ్గర చిన్న గుమాస్తాని. ఆయన మహా కోపిష్ఠి. తూకంలో వీసమెత్తు తేడా వస్తే మరాఠీలో మొదలుపెట్టి తెలుగులో ముగించేవారు. ఆయన మెత్తబడేది మధ్యాహ్నం భోజనాలయ్యాక, చదరంగం ముందు మాత్రమే. మాది దేశవాళీ ఆట. అందులో బంటు ఒక్కో గడే నడుస్తుంది, రాజు మాత్రం ఆటకోసారి గుర్రంలా దూకవచ్చు. కరీంనగర్‌లో జరగబోయే చదరంగం పోటీకి పేరిచ్చాక, అక్కడ అంతర్జాతీయ పద్ధతి అని, అందులో రాజు దూకడం చెల్లదని తెలిసి, రాజు బంటు రెండు గళ్ళు, తర్వాత గుర్రం, ఆ తర్వాత శకటు అంటూ మూడు నెలలు నాతో సాధన చేశారు. యాభై దాటిన మనిషి బడిపిల్లాడిలా తప్పులు దిద్దుకుంటుంటే నాకు నవ్వొచ్చేది. పైకి నవ్వే ధైర్యం లేదు.

పోటీకి నేనూ వెంట వెళ్ళాను. ఆఖరి రౌండు గెలిస్తే కప్పు ఆయనదే. ఎదుట జగిత్యాల పెద్దమనిషి ఒకాయన. కప్పు మా ఊరికి రావాలని నేను కొండగట్టు అంజన్నకు మొక్కుకున్నాను. మొదటి ఎత్తులన్నీ నేర్చుకున్నట్టే నడిచాయి. గెలుపు కనిపిస్తున్న వేళ ఎదుటి ఏనుగు మీదికి రాబోతోందని, పాత అలవాటు కొద్దీ, ఆయన రాజును గుర్రంలా దూకించారు. ఎదుటాయనా దేశవాళీ ఆటలో పెరిగినవాడే, తప్పు పట్టకుండా ఆలోచనలో పడ్డాడు. రెఫరీ వేరే బల్ల దగ్గర ఉన్నాడు. నేను చూశాను. చూసి కిక్కురుమనలేదు. రావుగారు ఒక్కసారి నా వైపు చూసి, చెయ్యెత్తి రెఫరీని పిలిచారు.

"నా రాజు తప్పు దూకిండు," అన్నారు.

ముట్టిన రాజునే జరపాలన్నాడు రెఫరీ. జరగడానికి ఒక్క గడే మిగిలింది. నాలుగు ఎత్తుల్లో రావుగారి ఆట కట్టింది.

తిరుగు బస్సులో కోపం ఆపుకోలేక అడిగాను. "ఎవ్వలు చూడలే గద సార్, ఎందుకు చెప్పిన్రు?"

"నువ్వు చూసినవ్ గద," అన్నారాయన. "రేపు కాంటా కాడ సరిగ్గ తూకమెయ్యుమని నీకు ఏ మొఖం పెట్టుకోని చెప్పాలె?"

ఈయన మా పెద్ద గుమాస్తా అని లేచి నిలబడి బస్సులో అందరికీ చెప్పాలనిపించింది. తర్వాత ఆయన కుర్చీలో నేను ఇరవై ఏళ్ళు కూర్చున్నాను. నా తప్పును నా కింది గుమాస్తాల ముందు ఒప్పుకోవాల్సిన ప్రతిసారీ నాలుక తడబడింది. ఒప్పుకోకుండా మాత్రం ఏ రోజూ ఇంటికి పోలేదు.