చోళ్లు అడిగితే శనగలొచ్చాయి

మొన్న అమీర్‌పేటలో ఓ ఏసీ దుకాణానికి వెళ్తే, రాగిపిండిని రంగు డబ్బాలో పెట్టి, పైన కండలు తిరిగిన కుర్రాడి బొమ్మ వేసి అమ్ముతున్నారు! నాకు నవ్వాగలేదు. పక్కనున్నావిడ వింతగా చూసింది. చూస్తే చూసింది గానీ, నేను అప్పటికే ఎనభైల్లోకి, అక్కడికి దగ్గర్లోనే ఉన్న మా ఒంటిగది వాటాలోకి వెళ్లిపోయాను.

మాది విజయనగరం వైపు. అక్కడ రాగుల్ని చోళ్లంటాం. పెళ్లయిన ఏడాదికే నేను కడుపుతో ఉన్నాను, మా ఆయనకి పంజాగుట్టలో చిన్న గుమస్తా ఉద్యోగం, రోజుకి ఐదు రూపాయల్లో ఇద్దరి తిండీ వెళ్లదీయాలి. మన ఈడువాళ్లకి ఆ కటకట నేను చెప్పాలా! డాక్టరమ్మ కంటిరెప్ప లాగి చూసి, ఒంట్లో రక్తం లేదు, వచ్చే నెలకీ ఇలాగే ఉంటే ఆస్పత్రిలో చేర్చి ఎక్కించాలి, లేకపోతే తల్లికీ బిడ్డకీ ప్రమాదమే అనేసరికి నాకు గుండె జారిపోయింది. మా అమ్మయితే చోడి అంబలి తాగించేది కదా అని తోచి, కొంగు బిగించి కిరాణా కొట్టుకి వెళ్లి చోళ్లు అడిగాను. కొట్టు భాయ్ "ఛోలేనా అమ్మా?" అన్నాడు. పాపం, ఈయనకి పలకడం రాదు కాబోలనుకుని తలూపాను. ఇంటికొచ్చి పొట్లం విప్పితే ఏముంది, లావుపాటి తెల్ల శనగలు!

ఆ వారం సరుకుల డబ్బంతా వాటికే పోయింది. గడప మీద కూర్చుని బావురుమన్నాను. నేను ఖాలా అని పిలిచే ఇంటివాళ్లావిడ పరుగున వచ్చి, సంగతంతా విని, కడుపుబ్బ నవ్వింది.

"అరే బేటీ, ఈడ వాటిని తైదలు అనాలె! ఏం ఫికర్ చెయ్యకు, గీ శనగలు సుత మస్తు బలం."

వాటిని నానబోసి, పాలకూరతో ఉడికించి, నిమ్మకాయ పిండి నా ముందు పెట్టింది. అబ్బ, ఏం రుచి! ఇక చూడండి నా హుషారు! ఆకుకూరలవాళ్లు గంపలు సర్దుకునే వేళకి వెళ్లి బేరమాడి తోటకూర, పుంటికూర (అదేనండీ, మన గోంగూర) ఒళ్లో నింపుకుని వచ్చేదాన్ని. మా ఆయన బస్సు మానేసి పంజాగుట్ట నుంచి నడిచొస్తూ ఆ చిల్లరతో జామకాయలు తెచ్చేవారు. ఖాలా తైదల జావ కాచి, గ్లాసు ఖాళీ అయ్యేదాకా నా ఎదురుగా కదలకుండా కూర్చునేది.

మరుసటి నెల డాక్టరమ్మ ఫరవాలేదు, రక్తం పట్టిందనగానే, నేనూ ఖాలా ఆస్పత్రి వరండాలో చేతులు పట్టుకుని గంతులేసినంత పని చేశాం. మా పెద్దది బొద్దుగా, సలక్షణంగా పుట్టింది.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు, ఖాలా కూడా లేదు. మా అపార్టుమెంటులో పై అంతస్తు అమ్మాయి ఈమధ్య పాలిపోయిన మొహంతో, నిండు కడుపుతో లిఫ్టులో కనిపిస్తోంది. ఏం తింటున్నావు తల్లీ అని అడగాలని నోటిదాకా వస్తుంది. ఏమనుకుంటుందో ఏమోనని, నా అంతస్తు వచ్చేదాకా లిఫ్టు అంకెలు చూస్తూ నిలబడతాను.