ఎడమ పెట్టె

నేను జోడించిన స్టీరియోలో ఎడమ పక్క పెట్టె పలకడం లేదని మా నాయన మొదటిసారి అన్నప్పుడు నాకు ఒళ్లు మండింది. ఊళ్లో ఇంకెవరైనా ఆ మాట అంటే పడతాను, విప్పి చూస్తాను. అది నా బతుకుతెరువు. ఇది మాత్రం నాయన బంగారు గని పని నుంచి రిటైరై ఇంట్లో కూర్చున్న నెలలో, ఆయన కోసమని నా చేతులతో చేసి పెట్టిన సెట్టు. ఆంప్లిఫయర్ బోర్డు మీద ప్రతి టంకమూ నాదే. స్పీకర్లకు పెట్టెలు రాబర్ట్‌సన్‌పేట వడ్రంగి చేత, పక్కన నిలబడి సతాయించి మరీ చేయించాను. చాంపియన్ రీఫ్స్‌లో, గని కూలీలకు కట్టిన మా లైను ఇండ్లలో అలాంటిది ఇంకొకటి లేదు.

"ఏమప్పా, ఈ పక్కది పలకదే," అన్నాడు నాయన, ఎడమ పెట్టె వైపు గడ్డం ఎత్తి.

నేను మోకాళ్ల మీద కూర్చుని దానికి చెవి ఆనించాను. శుభ్రంగా పలుకుతోంది.

"పలకతా ఉండాది కదా నాయనా."

"నీకు పలకతాదిలే. చేసినోనివి కదా."

అమ్మ నవ్వింది. నేను నవ్వలేదు.

మా ఊళ్లో రిపేరుకు వచ్చే సెట్లలో సగానికి జబ్బు ఒక్కటే, దిబ్బల దుమ్ము. రాయి దంచి బంగారం తీసుకున్నాక మిగిలిన తెల్లటి పొడిని కొండల్లాగా పోసిపెట్టారు. సయనైడ్ దిబ్బలంటాం. గాలి లేస్తే ఆ పొడి అన్నంలోకీ వస్తుంది, వాల్యూం తిప్పే గుబ్బల్లోకీ వస్తుంది. కాబట్టి మొదటి వారం గుబ్బలన్నీ విప్పి స్పిరిటుతో కడిగాను. నాయన కుర్చీ తెచ్చుకుని రెండు పెట్టెలకూ సరిగ్గా మధ్యన వేసుకుని, చేతులు తొడల మీద పెట్టుకుని విన్నాడు. తల అడ్డంగా ఊపాడు. రెండో వారం వైర్లు మార్చాను. తల అడ్డంగా ఊపాడు. మూడో వారం బెంగళూరు పోయి కొత్త స్పీకరు తెచ్చి బిగించాను.

"ఇంగా ఒక పక్కే వస్తా ఉండాది," అన్నాడు. "యాడో తప్పు చేసింటావు, చూడు."

తప్పు అనే మాట నాకు గుచ్చుకుంది. ఈసారి ఏమీ విప్పలేదు. ఎడమ పెట్టెను కుడి పక్కన పెట్టి, కుడి పెట్టెను ఎడమకు తెచ్చాను. పెట్టెలో లోపముంటే ఇప్పుడు కుడి పక్క మూగపోవాలి. నాయన విన్నాడు. "మళ్లా ఈ పక్కే," అని ఎడమ చెయ్యి ఎత్తి చూపించాడు. వెనక తీగలు కూడా తారుమారు చేశాను. అప్పుడూ ఎడమ చెయ్యే ఎత్తాడు. లోపం పెట్టెలో లేదు, తీగలో లేదు, బోర్డులో లేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, అది తెలిసినప్పుడు నాకు కలిగింది సంతోషం. నా పనిలో తప్పు లేదన్న సంతోషం.

ఆ సంతోషంలో ఒక సంగతి మరిచిపోయాను. మా నాయనకు చెవి అంటే ఏమిటో మరిచిపోయాను.

నాయన గనిలో డ్రిల్లరు. గని సర్కారు చేతికి వచ్చాక చేరినవాడు. రాయికి రంధ్రాలు వేసే మిషనును భుజానికి ఆనించి ఇరవై ఏండ్లకు పైగా పట్టాడు. కానీ ఆయనకు పేరు వచ్చింది దానివల్ల కాదు. పేలుళ్ల తరువాత కొత్త షిఫ్టు లోపలికి పోయే ముందు, గుంపులో నమ్మకమైన మనిషి ఒకడు గడ్డపారతో పైకప్పు రాయిని తట్టి వినాలి. ఘణ్‌మంటే రాయి గట్టిది. బొదబొదమంటే లోపల విడిపోయి ఉంది, ఎప్పుడైనా రాలుతుంది. ఆ తట్టేవాడు "సరి" అన్నాకనే మిగతావాళ్లు అడుగు వేస్తారు. నాయన గుంపులో తట్టేవాడు నాయనే. అమ్మ సంతలో కుండ కొనాలన్నా ఆయన్నే వెంట తీసుకుపోయేది.

మిషను పట్టినవాళ్లకు చెవులు పోతాయని లైనులో అందరికీ తెలుసు. పోయాయని డాక్టరు రాస్తే గనిలోకి దించరు, నేల మీద పైపనికి వేస్తారు. పైపని అంటే అవమానం. అందుకని చెవి పరీక్ష నాడు ముందు పోయినవాడు బయటికి వచ్చి, డాక్టరు మన వెనక నిలబడి ఎన్నిసార్లు గొణుగుతాడో, ఏ చెవితో మొదలుపెడతాడో వేళ్లతో చూపించేవాడు. వెనకవాళ్లు దాన్ని బట్టి చెయ్యెత్తేవాళ్లు. ఏటేటా అందరూ పాసే. నాయన ఈ కథ చెప్పి పడీపడీ నవ్వేవాడు. మేమూ నవ్వేవాళ్లం.

నాయన రిటైరయ్యేదానికి ఏడేండ్ల ముందు, ఒక పొద్దున షిఫ్టులో, ఆయన తట్టి సరి అన్న రాయి కింద ఆయన స్నేహితుడు చనిపోయాడు. నేను మామా అని పిలిచేవాడిని. మా సొంతూరి పక్క ఊరు వాళ్లది. నాయన రెండు బారల వెనక ఉన్నాడు. విచారణ జరిగింది, భూమి లోపలి ఒత్తిడికి రాయి పగిలింది, ఎవరి తప్పూ లేదని రాశారు. నాయన ఆ కాగితం కోసం ఎదురుచూడలేదు. ఆయనకు తన చెవే సాక్ష్యం. "ఆ దినం రాయి ఘణ్‌మనింది, నేను విన్నాను. మాట చెప్పి మార్చేసింది," అని అనేవాడు. ఆ మాట మీదే ఆయన తింటున్నాడు, పండుకుంటున్నాడు. కోరమండల్ లైన్లలో ఇడ్లీలు పోసి బతుకుతున్న ఆ మామ భార్య, మా అత్త ఇంటికి నెలకు రెండుసార్లైనా పోయి పలకరించి వస్తున్నాడంటే ఆ మాట మీదే.

ఇదంతా నాకు తెలుసు. తెలిసి కూడా ఆదివారం మధ్యాహ్నం హెడ్‌ఫోన్ తెచ్చి నాయన తలకు తొడిగాను. అమ్మ గడప దగ్గర అనపకాయలు ఒలుస్తోంది.

"ఏ పక్క వస్తాది నాయనా?"

కుడి పక్క చూపించాడు. హెడ్‌ఫోన్ తీసి, తిప్పి, ఎడమది కుడి చెవికి, కుడిది ఎడమ చెవికి పెట్టాను.

"ఇప్పుడు?"

మళ్లీ కుడి పక్కే చూపించాడు. నేను కోర్టులో కేసు గెలిచిన వకీలులాగా నిలబడి చెప్పాను. "చూసినావా? సెట్టు బాగుండాది. నీ ఎడమ చెవు పోయింది. కుడిది కూడా సగమే అనుకుంటాను, ఇంత సౌండు పెడితే గానీ నీకు వినపడలా."

నాయన హెడ్‌ఫోన్ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. కాసేపు దాని తీగను వేలికి చుట్టుకున్నాడు.

"ఎన్నేండ్లయింటాది?"

అప్పుడైనా నోరు మూసుకోవచ్చు. తెలియదనొచ్చు. మెకానిక్కును కదా, తెలియదు అనే మాట నాకు రాదు.

"ఇది ఒక దినంలో వచ్చేది కాదు నాయనా. మెల్లగా పోతాది. పది, పదైదేండ్లు అయింటాది."

అమ్మ చేతిలో కాయ ఆగిపోయింది. ఆమెకు నాకంటే ముందే అర్థమైంది. ఆమె ముఖం చూశాక నాకు అర్థమైంది, మామ పోయి అప్పటికి ఏడేండ్లే. నాయన లేచి స్టీరియో స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకి, తీగను చుట్టి సెట్టు మీద పెట్టాడు.

మూడు రోజులు ఆయన సెట్టు వైపు తిరగలేదు. నేను నాకు చేతనైనట్టు సర్దిచెప్పాను. కుడి చెవి ఉంది కదా, అప్పటికి ఇంత పోయి ఉండదు కదా, రాయి ఎట్లైనా పడేదే కదా అన్నాను. ఆయన విన్నాడో లేదో కూడా తెలియదు. ఇక ఆయనతో ఏ మాట చెప్పాలన్నా ఆయనకు వినపడదన్న సంగతే ముందు గుర్తుకొచ్చేది. నాలుగో రోజు పొద్దున చొక్కా తొడుక్కుని, "నువ్వు కూడా రా," అన్నాడు.

కోరమండల్‌లో అత్త మాకు కాఫీ ఇచ్చి తలుపు దగ్గర కూర్చుంది. నాయన గ్లాసు కింద పెట్టాడు.

"అమ్మా, ఆ దినం నాకు చెవు సరిగా వినపడిండదు. తెలియక సరి అనేసినాను. వాడు నా మాట నమ్మి పోయినాడు."

"ఎవురు చెప్పినారన్నా నీకు?" అంది అత్త.

"వీడే. మిషన్ పెట్టి చూసినాడు."

ఆమె నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. అంత అలసిపోయిన ముఖం నేను ఇంకెక్కడా చూడలేదు.

"ఇన్నేండ్లు నా తలరాత అనుకొని ఉండినానన్నా. దేవుని మింద కోపం పెట్టుకొని బతికినాను. ఇంగ నీ మింద పెట్టుకోవల్లనా? నన్ను పలకరించేదానికి ఉండేది నువ్వొక్కడే కదా." కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఎందుకొచ్చి చెప్పినావన్నా?"

ఆమె లేచి గ్లాసులు తీసుకుని లోపలికి పోయింది, మళ్లీ బయటికి రాలేదు. ఆ తరువాత మా గడప తొక్కలేదు, నాయన శవం లేచిన నాడు కూడా.

ఆ పొద్దున తిరిగి వస్తుంటే దారిలో నాయన ఒక్క మాట మాత్రం అడిగాడు. తిట్టినట్టు కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు.

"ఆ పెట్టెలో యాడో ఒక తీగ తెగిండాది, ఇంగ బాగుకాదు అని చెప్పుంటే నీకేం పోయేదప్పా?"

ఏమీ పోయేది కాదు. మహా అయితే, ఒక్క మా నాయన దృష్టిలో, నేను పని రానివాడినయ్యేవాడిని.