చూసినవాళ్ల ఎదుట నిమియా

మా వదిన నిమియా మా ఊరు ఎన్‌కర్నసియోన్ బస్టాండులో చీపా రొట్టెలు అమ్ముతుంది. గంప నెత్తిన పెట్టుకుని కదిలే బస్సులో కూడా ఎక్కేస్తుంది. డ్రైవర్లతో ఒకటే పరాచికాలు. కానీ ఏ మగాడైనా ఆమె మొహంకేసి కాస్త ఎక్కువసేపు చూశాడా, నోట మాట ఆగిపోతుంది, మధ్యలోనే దిగిపోతుంది. మా అన్నయ్యతో పెళ్లయిన కొత్తలో పొగరనుకున్నాను.

తర్వాత తనే చెప్పింది. చిన్నప్పుడు వాళ్లింట్లో అద్దెకున్నవాడు ఆమె మీద అఘాయిత్యం చేసి, ఫోటోలు తీసి, నలుగురికీ పంచాడు. వాడు జైల్లోనే చచ్చాడు. ఆ ఫోటోలు మాత్రం ఇప్పటికీ ఇంటర్నెట్‌లో చేతులు మారుతూనే ఉన్నాయి. ఎక్కడో ఎవడో పట్టుబడటం, వాడి కంప్యూటర్లో నీ ఫోటోలున్నాయని పోలీసులొచ్చి చెప్పడం, ఇదే వరస.

అలాంటి ఫోటోలు చూసి పట్టుబడ్డ నేరగాళ్లతో జైల్లో ఏళ్లుగా మాట్లాడుతోంది డాక్టర్ సునిల్డా. వాళ్లెందుకలా చేస్తారో, ఏది వాళ్లను ఆపుతుందో తెలుసుకోవడమే ఆవిడ పరిశోధన. వదిన కేసు గురించి విని ఒకరోజు మా ఇంటికొచ్చింది.

"వాళ్లలో చాలామందిది ఒకటే మాట నిమియా గారూ. మేమెవర్నీ ముట్టుకోలేదు, చూశామంతే, దానికి జైలెందుకని. మీ ఫోటోలు చూసినవాళ్లు నేను మాట్లాడే గుంపులో లేరు, కనుక్కున్నాను. మీరొచ్చి మాట్లాడతారా? కుదరదంటే నేనేమీ అనుకోను."

వదిన వస్తానంది.

"నీకేమన్నా పిచ్చా వదినా? ఆ వెధవల దగ్గరికి పోతావా?" అన్నాను ఆవిడ వెళ్లాక.

"ఇన్నేళ్లూ అలాంటోళ్లే నన్ను చూశారు. ఈసారి నేను చూస్తా. నువ్వు తోడు రా. నోరు మూసుకుని కూర్చో."

రాక్షసుల్లా ఉంటారనుకున్నాను. జైలు గదిలో గుండ్రంగా వేసిన కుర్చీల్లో, మా చర్చిలో హార్ప్ వాయించే ముసలాయనలాంటి వాళ్లు కూర్చునున్నారు. కాంతలీసియో అనే ఆయన అద్దాలు సర్దుకుంటూ అన్నాడు: "నేను ఏ పిల్ల మీదా చెయ్యి వెయ్యలేదమ్మా. నేను చూసిన ఫోటోలో పిల్ల నవ్వుతోంది కూడా."

వదిన లేచి నిలబడింది.

"నన్నూ నవ్వమన్నాడు. నవ్వకపోతే మా చెల్లిని పిలుస్తానన్నాడు. అందుకని బాగా నవ్వాను."

ఆయన్ని వదిలి మిగతావాళ్లవైపు తిరిగింది.

"బస్సులో ఒకాయన నావంక చూస్తాడు. చీపా కోసమో, నన్నెక్కడో చూసి గుర్తుపట్టాడో నాకెలా తెలుస్తుంది? ఆ గదిలో ఉన్నది వాడొక్కడే. మీలాంటోళ్లంతా ఆ తర్వాత వచ్చి కూర్చున్నారు. మీరు అడుగుతూ ఉంటేనే కదా, ఇంకోడు ఇంకో పిల్లని గదిలోకి పిలిచేది? చట్టం మీకు అడ్డుపడేది ఆ పిల్ల కోసమే."

"నాటకాలు," అన్నాడొకడు గోడవైపు తిరిగి.

"నీ కోసం రాలేదులే నాయనా. వినేవాళ్ల కోసం వచ్చా."

అని, మిగిలినవాళ్ల కళ్లలోకి ఒక్కొక్కరిగా చూసింది. కాంతలీసియో అద్దాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. తలెత్తలేదు. ఈ వదిన పక్కనేనా నేను రోజూ అన్నం తింటున్నది అనిపించింది నాకు.

బయటికొచ్చాక వదిన గేటు పక్కన వాంతి చేసుకుంది. నేనూ డాక్టరూ చెరోవైపూ పట్టుకున్నాం.

గోడవైపు తిరిగినవాడు మళ్లీ ఆ గుంపులోకి రాలేదట. కాంతలీసియో మాత్రం తను చేసినదంతా మొదటిసారి దాచకుండా చెప్పాడట. "మారాడా?" అనడిగాను. "ఇప్పుడే చెప్పలేను. తనకి తను అబద్ధం చెప్పుకోవడం మానేశాడు. మా పని అక్కడ మొదలవుతుంది," అంది డాక్టరు.

కొత్త గుంపు వచ్చినప్పుడల్లా వదిన వెళుతోంది. నేను ఆమె తాగడానికి చల్లటి తెరెరె ఆకుల పానీయం పట్టుకుని బయట చెట్టుకింద కూర్చుంటాను. ఆమె జుట్టు గట్టిగా ముడేసుకుని, కాపలావాడితో ఎండ గురించి రెండు మాటలు గొణిగి, లోపలికి నడుస్తుంది. ఆ ధైర్యం చూసినప్పుడల్లా నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది.