నూనె పడని రాతమ్మ

మసాలాకు రాతిపువ్వు వేయించిన వాసన తగిలితే నాకు కూర గుర్తుకు రాదు, సరోజా మేడం గుర్తుకొస్తుంది. తిరుపతి కాలేజీలో చెట్ల చదువు చెప్పే ఆవిడ. పందొమ్మిదివందల డెబ్భైల చివర్లో కుప్పం పక్క మా ఊరికి బస్సులో వచ్చేది. మూతబడిన గనినుంచి తవ్వి పోసిన దిబ్బ చుట్టూ బండల మీద బోర్లా పడుకుని, భూతద్దం పెట్టి ఆ పువ్వు కోసమే వెతికేది.

"కూరకైతే సంతలో దొరుకుతాది కదా మేడమ్మా, బండను నాకేదెందుకు?" అన్నాను మొదటిసారి. ఆవిడ పడీపడీ నవ్వింది.

అప్పటికి మొగుడు పోయి, ఒళ్ళో ఆడబిడ్డతో ఉన్నాను. ఇల్లు కట్టుకోమని మొగుడి అన్న, మా బావ, దిబ్బ కింద తావు చూపించాడు. "బండలు సూడు మే, కడిగినట్టుండాయి. లచ్చిమి ఉండే తావు," అని మా అత్త మురిసిపోయింది. మేడం మాత్రం ముఖం ముడుచుకుంది. "ఈ పువ్వుకు వేరు లేదు. గాలిలో వచ్చేదే దానికి తిండి. ఈడ ఒక్కటీ బతకలేదంటే దిబ్బ దుమ్ము మీదనే అనుమానం. పరీక్ష చేసి చెప్తాను, అందాకా పునాది తీయొద్దు," అంది.

పువ్వు పట్టిన రాళ్ళు కొండ మీదనుంచి తెప్పించి, గుర్తుకు చుట్టూ ఎర్రరంగు పట్టీ వేసి, కొన్ని దిబ్బ కింద, కొన్ని ఊరి ఎగువన నిలబెట్టి పోయింది. ఎర్రగా మెరిసే రాళ్ళు వరసగా నిలబడితే మావాళ్ళు ఊరుకుంటారా? మా అత్తే ముందు నడిచి పసుపు పూసి, నూనె పోసి, పొంగలి పెట్టింది. మేడం తిరిగొచ్చేసరికి పువ్వంతా నూనెలో వేగినట్టుంది.

"ఎవరికి మొక్కినావు పెద్దమ్మా?"

"పేరు నాకేం తెలుసు? నిలబెట్టిందానివి నువ్వే కదా!"

మేడం తల పట్టుకుని కూర్చుంది. కాసేపటికి లేచి, కొండ మీదనుంచి మళ్ళీ కొత్త రాళ్ళు తెప్పించి నిలబెట్టి, "ఈ అమ్మకు నూనె పడదు, నీళ్ళు పడవు, చెయ్యి తగిలితే అసలే పడదు. దూరంనుంచి దండం పెట్టుకోండి," అంది. ఇక చూడండి, మా అత్త కట్టె పట్టుకుని కాపలా! మేకను కూడా "మడి, మడి!" అని తరిమేది.

వానలు పోయినాక చూస్తే ఎగువ రాళ్ళ మీద పువ్వు పచ్చగా ఉంది. దిబ్బ కింద తెల్లగా పాలిపోయి, ముట్టుకుంటే పొడి రాలింది. మేడం గాలి, దుమ్ము అని వివరంగా చెబుతూనే ఉంది. మా అత్త ఆ మాటలు వింటేనా! నేరుగా కొడుకు మీదికి పోయింది.

"రేయ్, అమ్మే ఓర్సుకోలేని తావులో నా మనవరాలు యాడ బతుకుతాదిరా? ఎగువ తావు ఇయ్యి!"

బావ గొణిగాడు, ఇచ్చాడు. నా బిడ్డ ఆ ఎగువ ఇంట్లోనే పెరిగింది.

ఈరోజుకీ ఎవరైనా తావు చూపించి అద్దంలా ఉందని మురిసిపోతే, నా నోట మొదట వచ్చే మాట ఒకటే: "శుభ్రం సరేనప్పా, ఈడ ఏం బతుకుతా ఉండాదో అది సూపించు."