పళ్లు వదులవుతాయని చెప్పాను

ఒక మాటను ఇన్నేళ్లుగా మోస్తున్నాను. బరువంతా రెండు పదాలే. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నన్నెరగని మీకు చెబుతున్నాను.

తొంభైల చివర సంగతి. ఉరవకొండ చుట్టుపక్కల ఎక్కడ పౌరాణిక నాటకం ఆడినా కృష్ణుడి వేషం మా మేనమామ కొడుకుదే. బావా అని పిలిచేవాణ్ని. మైకులు, యాంప్లిఫయరు నావి. ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసి వచ్చాను. హోరు రాకుండా వైర్లు సర్ది, అతని గొంతుకు తగ్గట్టు ట్రెబుల్ దించేవాణ్ని. పద్యం చివర అతను రాగం తీస్తే జనం వన్స్‌మోర్ అని అరిచేవారు. ఆ రాగం చివరి వరుసదాకా ఎవరివల్ల చేరిందో ఒక్కరైనా ఆలోచించారా?

చిన్నప్పుడు కీళ్ల జ్వరం వచ్చి బావ గుండెలో ఒక కవాటం దెబ్బతింది. అనంతపురంలో చూపించడానికి నేనే వెంట వెళ్లాను. చిగుళ్లలో చీముందని, ఆ క్రిములు రక్తంలో కలిసి చెడిన కవాటం మీద చేరితే ప్రాణానికే ప్రమాదమని, ముందుగా మందు వేసుకుని పళ్లు శుభ్రం చేయించుకోవాలని డాక్టరు చెప్పాడు. బావ చొక్కా తొడుక్కుంటుంటే నాతో విడిగా ఇంకో మాట అన్నాడు: పళ్లను వదులు చేసేది చిగుళ్ల జబ్బే, శుభ్రం చేయడం కాదు, భయపడితే నువ్వు నచ్చజెప్పు.

బస్టాండులో సోడా తాగుతూ బావ అడిగాడు.

"ఏమప్పా ఇంజనీరూ, పళ్లు గీకిస్తే వదులైతాయంట గదా? ఊర్లో అందరూ అదే అంటాండారు. బోసినోటి కృష్ణున్ని చూస్తే సత్యభామ పారిపోతాది!"

"వదులైతాయి బావా," అన్నాను. "ఇప్పుడేం తొందర? ఉప్పునీళ్లు పుక్కిలించు, సాలు."

"సదువుకున్నోనివి. నువ్వు సెప్తే సరే."

ఎందుకన్నాను? అతను చావాలని కోరుకున్నానా? లేదు. నెత్తురు కారే ఆ చిగుళ్లతో పద్యం మధ్యలో ఒక్కసారి తడబడాలని, జనం ఒక్క క్షణం చప్పట్లు మరచి ఊరుకోవాలని కోరుకున్నాను. అంతే. అంత చిన్న కోరికకు అంత పెద్ద అబద్ధం.

కొన్ని నెలలకు జ్వరం పట్టుకుంది. వారాల తరబడి వదల్లేదు. బెంగుళూరు తీసుకుపోయి కవాటం మార్పించారు. బతికాడు. కానీ పద్యం ఎత్తుకుంటే రెండో పాదానికే ఆయాసం. వేషం ఇంకొకరికి పోయింది. ఆస్పత్రి మంచం చుట్టూ విడపనకల్లు నుంచి కూడా జనం వచ్చి నిలబడితే, అప్పుడూ నాకు కలిగింది అసూయే. ఇది రాయడానికే ఎక్కువ సిగ్గుగా ఉంది.

క్రిములు నోటి నుంచి వచ్చి ఉండవచ్చని అక్కడి డాక్టరు అన్నాడు. ఆ "ఉండవచ్చు"ను పట్టుకుని ఇన్నాళ్లు నిద్రపోయాను. వేరే దారిన వచ్చాయేమో? పళ్లు శుభ్రం చేయించుకున్నా వచ్చేవేమో? కావచ్చు. దాన్ని ఇక ఎవరూ తేల్చలేరు. నేను ఎందుకు అలా అన్నానో మాత్రం నాకు తేలిపోయింది.

తెలిసే చెప్పాను. ఓర్వలేక చెప్పాను.

బావకు చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. ఈ రెండు వాక్యాలూ రాశాక మాత్రం ఊపిరి నిండుగా ఆడుతోంది. అతనికి ఆడదు.