యుద్ధరంగంలో కునుకు తీసే ముసలమ్మ

మా అక్కయ్య రాసిన ప్రతి నాటకంలోనూ ఒక ముసలమ్మ కుర్చీలో కూర్చుని నిద్రపోతూ ఉంటుంది. రాజుగారి కొలువులో నిద్రపోయింది. న్యాయస్థానంలో నిద్రపోయింది. యుద్ధరంగంలో, అటు కత్తులు ఇటు కత్తులు, నడుమ మెడదాకా శాలువా కప్పుకుని హాయిగా నిద్రపోయింది. ఆ వేషం అక్కయ్యే వేసేది.

అలాగని ఆమె అల్లాటప్పా మనిషి కాదు. ఆడవాళ్ళు నాటకం చూడటమే తప్పన్న రోజుల్లో పద్దెనిమిది నాటకాలు రాసింది. ఆమె రాసిన మాటలు జనం బజారులో బేరమాడుతూ వల్లించేవారు. పల్లెబడిలో నాతోపాటు పలక పట్టిన మనిషికి అంత పేరు! తమ్ముణ్ణి కనుక చెప్పడం కాదు, ఆ నాటకశాలలో తెర లాగేవాణ్ణి నేనే. కళ్ళారా చూశాను.

పత్రికలవాళ్ళు మాత్రం ముసలమ్మను వదిలిపెట్టలేదు.

“యుద్ధంలో ఆవిడకేం పనమ్మా?” అన్నాడొకాయన.

“వయసు మళ్ళితే ఎక్కడైనా కునుకు పడుతుంది నాయనా.”

“మరి నాయకుడు ప్రతిసారీ పరిగెత్తుకెళ్ళి ఆవిడ పక్కనే నిలబడతాడేం?”

“పెద్దలంటే గౌరవం!”

నాయకుడి వేషం ముప్పై ఏళ్ళుగా ఒక్క పెద్దాయనదే. ఆయన గొంతెత్తితే గోడలు పలికేవి.

పందొమ్మిదో నాటకం దగ్గర నాటకశాల యజమానికి ఓపిక నశించింది.

“ఊరంతా నవ్వుతోందమ్మా! ఇది చెరసాల కథ కదా, ఖైదీ గదిలోకి ముసలమ్మ ఎలా వచ్చింది?”

“ఏదో నేరం చేసే ఉంటుంది లెండి.”

“ఆవిడ ఉంటే నాటకం లేదు!” అని ఆయనే కుర్చీ తీసి అవతల పడేశాడు.

మొదటి ప్రదర్శన. తెర లేపాను. పెద్దాయన వచ్చి, రెండు మాటలు చెప్పి, ఆగిపోయాడు. నటన అనుకుని జనం చప్పట్లు కొట్టారు. ఆయన ఇంకా ఆగే ఉన్నాడు. తెర చాటున మాట అందించేవాడు గొంతు చించుకున్నాడు. అది మూడో వరుసవాళ్ళకు వినిపించింది కానీ, ఆయనకు వినిపించలేదు. ఈలలు మొదలయ్యాయి. మరో క్షణం ఆగితే ముప్పై ఏళ్ళ పేరు అక్కడే మట్టిలో కలిసేది.

అప్పుడు అక్కయ్య కుర్చీ చంకన పెట్టుకుని చెరసాలలోకి నడిచింది. ఆయన పక్కన వేసుకుని, శాలువా కప్పుకుని, నిద్రపోయింది. జనం విరగబడి నవ్వారు. ఆ నవ్వుల మధ్య, శాలువా అంచు వెనక గురకల నడుమ ఆమె పెదవులు కదలడం, ఆయన అటు చెవి వంచడం తెర తాడు దగ్గర నిలబడ్డ నేను చూశాను. పెద్దాయన గొంతు ఖంగుమంది.

ఆయనకు మతిమరుపూ చెవుడూ ఏనాడో ఒక్కసారే వచ్చాయని నాకప్పుడు తెలిసింది. ఒక మనిషి పరువు కాయడానికి ఎవరైనా చెయ్యి అడ్డం పెడతారు. తన రాతనే నవ్వులపాలు చేసుకున్నవాళ్ళను నేను మరొకరిని చూడలేదు.

ఆట ముగిశాక జనం పెద్దాయన్ని చుట్టుముట్టారు.

“ఈ వయసులో ఇన్ని మాటలెలా గుర్తుంటాయండీ?”

ఆయన మీసం సవరించుకున్నాడు. “సాధన! ఈవిడ గురకే కాస్త అడ్డొస్తుంది.”

అక్కయ్య ఆయన చెవి దగ్గరకు వంగింది. “ఈసారి మెల్లగా గురక పెడతాను లెండి.”

“అయ్యో, వద్దమ్మా!” అన్నాడాయన గాభరాగా. “ఇంకాస్త గట్టిగానే కానివ్వండి!”