రెయిన్‌కోటు జేబు

ఆ కార్యాలయంలో ఆమెను పేరు పెట్టి పిలిచేవారు లేరు. ఫోను ఎత్తగానే అవతలి పిల్లలతో ఆమె అనే మొదటి మాట, "పిన్నిని మాట్లాడుతున్నాను, చెప్పమ్మా" అని. పిల్లలు పిన్ని అన్నారు; వారిని చూసి తోటి ఉద్యోగులూ అన్నారు; చివరకు ఆమెకంటె వయసులో పెద్దవాడైన కాపలాదారు సైతం "పిన్నిగారూ, గొడుగు మరచిపోయారు" అనడం మొదలుపెట్టాడు. ఇంటర్నెట్టులో ముక్కూ మొహం తెలియనివాడెవడో తీయని మాటలతో మచ్చిక చేసుకుని, ఒక ఫొటో రాబట్టి, దానితో బెదిరిస్తూంటే, ఇంట్లో చెప్పుకోలేక కుమిలిపోయే పిల్లలు ఫోను చేసే చోటు అది. వినడం, ధైర్యం చెప్పడం, ఆ ఫొటోను తీయించడానికి పోలీసులను కదిలించడం, పిల్లను ఇంట్లో ఒక పెద్దదిక్కుకు కలపడం అక్కడివారి పని.

అంతకు ముందు ఆమె టెలిఫోను ఎక్స్ఛేంజీలో ఆపరేటరు. ఊరికీ ఊరికీ తీగ కలిపి, ఇరువైపులవారూ మాటలు ముగించి రిసీవరు పెట్టేదాకా కాచుకుని ఉండడం ఆ కొలువు. ఆపరేటరు తనంతట తాను తీగ పీకడం అక్కడ మహాపరాధం. యంత్రాలు వచ్చి ఎక్స్ఛేంజీ మూతపడింది గాని ఆ అలవాటు మాత్రం ఆమె వెంట వచ్చింది. అవతల ఎంతసేపు నిశ్శబ్దంగా ఉన్నా, పిల్ల పెట్టేవరకు ఆమె ఫోను పెట్టదు. పక్క కుర్చీలోని అమ్మాయి, "పిన్నీ, అవతల ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. పెట్టేయరాదూ?" అంటే, "ఫ్యాను వేసుకుని కూర్చున్నదెవరో తేలనీ" అనేది.

ఆ ఏడు ఆ సంస్థకు ఒక గౌరవం దక్కింది. పిల్లలను ఇంటర్నెట్టు వేధింపుల నుంచి కాపాడే వ్యక్తులను, సంస్థలను గుర్తించి సత్కరించే సభ ఒకటి ఏర్పాటయింది. సంస్థ పక్షాన జ్ఞాపిక అందుకోవలసింది పిన్ని అని అధ్యక్షురాలు నిర్ణయించింది. సభలో చూపి, అటుపైన అందరి ఫోన్లకూ పంపడానికని ఒక చిన్న చిత్రం కూడా తీయించారు. పిన్ని భర్త బస్సు కండక్టరుగా చేసి విరమించినవాడు. ఈ కబురు చుట్టపక్కాలందరికీ టముకు వేశాడు.

"జన్మంతా ముందుకు జరగండి, ముందుకు జరగండి అని గొంతు చించుకున్నాను. ఒక్కడూ జరగలేదు. ఇన్నాళ్ళకు మా ఆవిడ జరిగింది" అని చెప్పి తానే ముందు నవ్వేవాడు.

సభ శనివారం సాయంత్రం. ఆనాటి ఉదయం చిత్రం తుది ప్రతి ఆమె ఫోనుకు వచ్చింది. భార్యాభర్తలిద్దరూ వంటింటి బల్ల దగ్గర కూర్చుని చూశారు. తెరమీద తన మొహం కనిపించగానే ఆమె సిగ్గుపడి కళ్ళు దించుకుంది. అందుచేత తన మాటలు ఆమెకు మరింత స్పష్టంగా వినిపించాయి.

"ఒక పాప తన ఫోనును నాన్నగారి రెయిన్‌కోటు జేబులో దాచేది. ఆయన పోయినప్పటి నుంచి ఆ ఆకుపచ్చ కోటు తలుపు వెనకే వేలాడుతోందట. పై గుండీ కూడా లేదు. ఎవరూ ముట్టుకోరు కనుక అందులో దాచుకుంది..."

ఆమె చటుక్కున తల ఎత్తింది.

ఆ పిల్ల మూడు పక్షాల నించీ ఆమెతోనే మాట్లాడుతోంది. బెదిరించినవాడి సంగతి పోలీసులు చూస్తున్నారు. ఫొటో ఎక్కడా లేకుండా తీసివేశారు. మిగిలింది ఒక్కటే, తల్లికి తెలియడం. "అమ్మకి నేనే చెప్తాను పిన్నీ. ఇంకొకళ్ళ నోటి నించి తెలిస్తే నేను అమ్మ ముందు నిలబడలేను. ఆదివారం అమ్మకి సెలవు. ఆరోజు చెప్తాను" అని మాట ఇచ్చింది, అందాకా ఎవరికీ చెప్పనని పిన్ని దగ్గర మాట పుచ్చుకుంది. తీరా ఆ ఆదివారానికి ముందు సాయంత్రమే ఈ చిత్రం ఊరి మీద పడబోతోంది.

"బాగానే మాట్లాడావే" అన్నాడు భర్త. "మొహం అలా అయిందేం?"

"ఆ కోటు కథ చెప్పకూడదండీ. ఆ ఇంటావిడ చూసిందంటే మరి పేరు అక్కర్లేదు."

"మరి చెప్పావెందుకూ?"

ఆమె చెప్పులు తొడుక్కుంటూ ఆగింది. "కెమెరా పెట్టి, మనసుకు తగిలేది ఏదైనా చెప్పండి అన్నారు. నలుగురూ వింటారనేసరికి నోరు జారింది. పిల్లల మాట కడుపులో పెట్టుకునే దాన్నని నాకు నేనే పేరు పెట్టుకున్నాను, చూశారా."

బయట అప్పటికే ముసురు పట్టింది. బస్సులో కూర్చునే చోటు దొరికినా ఆమె కూర్చోలేదు. కమ్మీ పట్టుకుని నిలబడి, ఆగిన చోటల్లా తల వంచి కిటికీలోంచి చూసింది. వాన పెరిగితే బస్సు ఆలస్యమవుతుంది. ఆలస్యమైతే చిత్రం అతిథుల చేతికి పోతుంది. ఎడిటరుకు ఫోను చేస్తే ఎత్తలేదు. అధ్యక్షురాలు ఎత్తింది గాని, హాలులో మైకు సరిచేస్తున్నవాడి కేకల మధ్య ఒక్క ముక్కా వినబడలేదు.

హాలులో అధ్యక్షురాలు ముందువరుస కుర్చీల మీద అతిథుల చీటీలు అంటిస్తోంది. చెప్పినదంతా విని, చీటీ చేత్తో పట్టుకునే అంది: "పేరు లేదు, ఊరు లేదు, మొహం లేదు పిన్నిగారూ. రెయిన్‌కోటు లేని ఇల్లుందా చెప్పండి?"

"పోయిన మనిషి కోటు. ఆకుపచ్చది. తలుపు వెనక. పై గుండీ లేనిది. రోజూ దాని పక్కనుంచే నడిచే మనిషికి ఇంకేం ఆనవాలు కావాలి మేడమ్?"

అధ్యక్షురాలు చీటీని కుర్చీకి కాక తన చీర కొంగుకు అంటించుకుని, అది కూడా గమనించలేదు. "ఎడిటర్ని పిలవండి" అంది.

ఎడిటరు గుబురుగడ్డం మనిషి. ఆమె మాటల వెంట సంగీతం కలిపేశానని, ఆ రెండు వాక్యాలు మాత్రమే తీస్తే అతుకు తెలిసిపోతుందని, తీస్తే ఆమె భాగమంతా తీయాలని చెప్పాడు.

"అంతా తీసేయండి" అంది పిన్ని.

"అమ్మా, చిత్రంలో ప్రాణమంతా అదే."

"ప్రాణం సంగతే నేనూ చెప్తున్నాను నాయనా."

అతను గడ్డం గోక్కున్నాడు. "తీస్తాను. కాని పొద్దున మన వాలంటీర్ల గ్రూపులో పెట్టాను, ఎలా ఉందో చెప్తారని. అందులోంచి ఇప్పుడే తీసేస్తాను. ఈలోగా ఎవరైనా ఇంకొకళ్ళకు పంపి ఉంటే మాత్రం నా చేతుల్లో లేదు."

అధ్యక్షురాలు అప్పటికప్పుడు గ్రూపులోని ఒక్కొక్కరికీ ఫోను చేసి అడిగింది. అందరూ పంపలేదన్నారు. ఒకావిడ మాత్రం, "మా వదినకు పంపాను, చాలా బాగుందంది" అంది. వదినగారి ఫోను స్విచ్చాఫ్.

సాయంత్రం సభ జరిగింది. చిత్రంలో ఫోన్లు మోగాయి, ఖాళీ కుర్చీలు కనిపించాయి, పిన్ని కనిపించలేదు. వేదిక మీదికి పిలిచినప్పుడు ఆమె వెళ్ళి, జ్ఞాపిక పుచ్చుకుని, రెండు మాటలు చెప్పమంటే నమస్కారం పెట్టి దిగివచ్చింది. చప్పట్లు కొట్టినవారిలో ఎవరు ఆ వదినగారో అని వరుసవరుసా చూస్తూనే ఉంది. బయట వాన హోరెత్తింది.

"చుట్టాలంతా సినిమాలో నువ్వేదీ అని అడుగుతున్నారే" అన్నాడు భర్త ఇంటి దారిలో. అంతలోనే గొడుగు ఆమె వైపు వంచి, "మా ఆవిడ డైరెక్టరు, తెర మీద కనబడదు అని చెప్పేస్తాలే" అన్నాడు.

మర్నాడు ఆమెకు సెలవు. అయినా కార్యాలయానికి వెళ్ళి కాలు కాలిన పిల్లిలా తిరిగింది. నీళ్ళు తాగడానికి లేచి గ్లాసు నింపుకోకుండానే వచ్చి కూర్చునేది. పక్క కుర్చీ అమ్మాయి, "పిన్నీ, కాస్త కుదురుగా ఉండండి. మిమ్మల్ని చూస్తుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి" అంది. పిల్ల ఫోను చేయకపోతే తల్లికి చెప్పలేదనుకోవాలా, ముందే తెలిసిపోయి ఆ ఇంట్లో ఇంకేదో జరిగిందనుకోవాలా? ఏదీ తోచక, తడిగుడ్డతో అప్పుడే తుడిచిన బల్లనే ఆమె మళ్ళీ తుడిచింది.

ఎండ గుమ్మం దాటే వేళకు ఫోను మోగింది. అవతల ఏమీ లేదు. ఆమె కాచుకుంది.

"పిన్నీ" అంది పిల్ల. "నిన్న చెప్పేశాను."

"నిన్ననా?"

"వాన పడింది కదా. అమ్మ నైట్ డ్యూటీకి బయలుదేరుతూ కోటు మీద చెయ్యి వేసింది. ఎప్పుడూ ముట్టుకోదు, నిన్న వేసింది. జేబులో చెయ్యి పెట్టక ముందే చెప్పేశాను. అమ్మ డ్యూటీకి వెళ్ళలేదు. ఇద్దరం..." ముక్కు ఎగబీల్చింది. "అమ్మ పక్కనే ఉంది. నీతో మాట్లాడుతుందట."

చేతులు మారిన చప్పుడు. తరువాత ఒక పెద్ద గొంతు, ఏడ్చి ఆరిన గొంతు.

"మీరు మా అమ్మాయిని నిలబెట్టారు. ఆ మాట తరవాత చెప్తాను. ముందు ఒకటి అడగాలి. ఈ సంగతి ఇంకెవరికైనా చెప్పారా?"

లేదు అనడానికి అంతా అనుకూలంగానే ఉంది. చిత్రంలో ఆ ముక్క లేదు; ఆవిడ చూడనూ లేదు. పిన్ని రిసీవరును రెండు చేతులా పట్టుకుంది.

"చెప్పానమ్మా" అంది. "పేరు లేదు గాని, కోటు సంగతి చెప్పాను. తీసేయించాను; అయినా ఒకరి ఫోనులో మిగిలి ఉండవచ్చు. ఎలా జరిగిందో మొదటి నించీ చెప్తాను, మీకు వినే ఓపిక ఉంటే."

అవతల ఫ్యాను తిరుగుతోంది. ఇంతకాలం తాను ఎవరి ఫోనూ ముందు పెట్టని మనిషి, అవతలివారు పెట్టేస్తారేమో అని మొదటిసారి భయపడుతూ కూర్చుంది. పక్క కుర్చీ అమ్మాయి రాయడం ఆపి ఆమె వైపు చూసింది.

కుర్చీ లాక్కున్న చప్పుడు వినిపించింది.

"చెప్పండి" అంది ఆ తల్లి. "కూర్చున్నాను."